నలభై నాలుగో నూతి

తెల్లారుజామున సఖినేటిపల్లి రేవులో
పంటు ఇంకా ఇంజను వెయ్యలేదు.
నా ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో నల్ల అట్ట థీసిస్,
రెండు వందల అరవై పేజీలు,
నలభై మూడు నూతులు,
ఆరేళ్ళు.
పదకొండున్నరకి రాజమండ్రిలో వైవా.

రాత్రి అద్దం ముందు నిలబడి
మొదటి వాక్యం పదహారుసార్లు చెప్పాను.
పదిహేడోసారి అద్దంలో మనిషి
“అయితే ఏంటి?” అంది.
పడుకున్నాను. పడుకున్నానంటే,
కళ్ళు మూసుకుని తప్పులు లెక్కపెట్టాను.
నూట పన్నెండో పేజీ పట్టికలో ఒక అంకె తారుమారైంది.
ఎవరూ చూడరు అంది మా మేడం.
అందరూ చూస్తారు అంది నా కడుపు.

పంటు కదిలింది.
మోటారు సైకిళ్ళ మధ్య, ఐసు పెట్టెల పక్కన
వసిష్ఠ మీద మంచుకేసి చూస్తూ
పెదాలు కదుపుతున్నాను.
“ప్రార్థనా అమ్మా?”
చీరమేను తట్ట మీద చెయ్యేసుకుని ఒకావిడ.
కాదండి, పరీక్ష.
“ఈ వయసులోనా? దేనిమీద?”

దేనిమీద.
ఈ ప్రశ్నకి నా దగ్గర రెండు నిమిషాల జవాబుంది,
ఇంగ్లీషులో, గ్రాఫుతో సహా.
ఆ తట్ట ముందు అది నోరు విప్పలేదు.
ఉప్పు మీదండి, అన్నాను.
కాలవ నీళ్ళు శివారుకి అందని ఏడు
సముద్రం మన నూతుల్లోకి
ఎంత దూరం నడిచొస్తాదో కొలిచానండి.

ఆవిడ నవ్వలేదు.
“మా నూతిలో ఎండల్లో కాదు,
తూర్పుగాలి తిరిగాక ఎక్కువవుద్ది ఉప్పు.
ఎందుకంటావు?”

నలభై మూడింటిలో ఆ నూతి లేదు.
చెమట పట్టింది, అంత మంచులోనూ.
నాకు తెలీదండి, అన్నాను.

పంటు మునగలేదు.

లస్కరు ఓలేటి సింహాద్రి గుర్తొచ్చాడు.
లాకుల దగ్గర గేజీ చదవడం నేర్పినవాడు.
నీళ్ళు ఊగుతుంటే అంకె రాయకే,
కంగారులో రాసిందంతా అబద్ధం,
మూడుసార్లు ఊపిరి పీల్చు, అప్పుడు చూడు, అనేవాడు.
ఆయన రిజిస్టరులో అక్కడక్కడ ఖాళీ గళ్ళు.
ఇవేంటి తాతా అంటే
“ఆ రోజు నాకు జొరం. చూడంది ఎలా రాస్తాను?”
ఆ ఖాళీలు చూశాకే
మిగతా అంకెలు నమ్మాను నేను.

తెలీదు గానీ అండి, అన్నాను మళ్ళీ,
మీ నూతి పక్కన చెరువేమన్నా తవ్వారా?
“రొయ్యల చెరువు. మూడేళ్ళయింది.”
పట్టుబడి అయ్యాక నీళ్ళెటు వదుల్తారు?
ఆవిడ చెయ్యి తట్ట మీంచి లేచి
గాల్లో గట్టు గీసింది, బోదె గీసింది,
తన పెరడు గీసింది.
“ఇదిగో, ఇటు.” అని ఆగిపోయింది.
ఇద్దరం ఆ గాలి పటం మీదకి వంగి కూచున్నాం.
తట్ట కారి సంచి తడవడం
ఇద్దరిలో ఎవరూ చూళ్ళేదు.

నర్సాపురం ఒడ్డు తగిలింది.
తట్ట నెత్తికెత్తాను. చుట్టకుదురు సర్దుకుంటూ అడిగింది:
“అక్కడా ఇలాగే అడుగుతారా?”
ఇలాగేనండి.
“వాళ్ళకి నూతి లేదు గదా,
మరి నీకేటి భయం?”

పొడుగు బల్ల. చల్ల గది. మూడు కళ్ళజోళ్ళు.
“నేలపూడి సలోమి?”
హాస్టల్లో ఆరేళ్ళు నాలిక కింద దాచుకున్న మాట
దానంతటదే పైకొచ్చింది:
ఆయ్.
ఎవరో చిన్నగా నవ్వారు. నవ్వనీ.

ఎక్స్‌టర్నల్ గారు పేజీలు తిప్పి తిప్పి
నూట పన్నెండు దగ్గర వేలు ఆపారు.
ఒకటి, రెండు, మూడు ఊపిర్లు.
ఆ అంకె తప్పండి, అన్నాను ఆయన అడక్కముందే,
సరైంది బోర్డు మీద రాస్తాను.

రాసి వెనక్కి తిరిగేసరికి
ఆయన అట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నారు.
“ఈ వాసనేంటమ్మా?”

నలభై నాలుగో నూతండి, అన్నాను.