ముప్పై ఎనిమిది డిగ్రీలు

కాశిమేడులో ముప్పై ఎనిమిదంటే ఎండ.
ఓబులేసుకి మాత్రం అది వాలు.
మంచుకి జారబుద్ధయ్యే వాలు అంటాడు,
చేపల ధర చెప్పినంత మామూలుగా.

ఐసు ఫ్యాక్టరీలో ఆయన రాత్రి కాపలా,
నేను దిమ్మల లెక్క రాసేదాన్ని.
పటాలంలో పదిహేడేళ్ళు, అందులో ఆరు చలికాలాలు పైన.
పైన అంటే ఎక్కడో చెప్పడు.
ఎడమచేతికి రెండు వేళ్ళు పొట్టి.

ఒక తెల్లవారుజామున టీ బంకు దగ్గర
స్టీలు పళ్ళెంలో పంచదార పరిచాడు.
"ఇది కార్తీకంలో పడిన తొలి మంచు.
ఆనక వారాల తరబడి మబ్బు లేని ఆకాశం, కొరికే చలి.
అడుగున ఇట్లా పలుకులైపోతుంది. ఒకదాన్నొకటి పట్టుకోదు."
దాని మీద రస్కు పెట్టాడు.
"ఇది మాఘంలో గాలి మోసుకొచ్చి పరిచిన పలక.
నడిస్తే సిమెంటే. ఎవరికైనా ధైర్యమొస్తుంది."
పళ్ళెం కొంచెం వంచాడు.
కదల్లేదు.
ఇంకొంచెం.
కదల్లేదు.
చూపుడువేలితో ఒక్కసారి తట్టాడు.

రస్కు నా ఒళ్ళో పడింది, చీర నిండా పంచదార.
బంకు సెల్వి నవ్వింది. ఆయన నవ్వలేదు.

మంచులో నిలువు దిమ్మ కోసి, నెత్తిన పార పెట్టి తట్టేవాళ్ళట.
మణికట్టుతో పది,
మోచేతి నుంచి పది,
భుజం నుంచి పది.
ఎంత తక్కువ దెబ్బలకు పొర తెగితే అంత భయం.
"ఆ రోజు ఎన్నింటికి తెగింది?"
"ఆ రోజు తట్టలేదమ్మా. టైము లేదు.
ముందు తొమ్మిది మంది దాటినారు కదా."
వెనక్కి తిరిగి చూస్తే
వాలు అప్పుడే ఉతికి ఆరేసినట్టుందట.
పదోవాడి పేరు నేను అడగలేదు.

నిన్న రాత్రి గోదాములో దిమ్మల వరస
నా తలకి రెండింతలెత్తు.
లోపలెక్కడో హుమ్మని ఒక మూలుగు.
కంప్రెసరనుకున్నాను.
ఆయన కుర్రాళ్ళను బయటికి ఈడ్చి
తలుపుకడ్డంగా కూర్చున్నాడు, తెల్లారేదాకా.
బోట్లు ఆలస్యం. ఓనరు తిట్లు
సగం తమిళం, సగం తెలుగు.
వరస పడలేదు.

"ఏం జరగలేదు కదయ్యా" అన్నాను.
"లేదు" అన్నాడు. అంతే.

నష్టం గడిలో మూడు గంటలని రాశాను.
జరగనిది రాయడానికి
మా రిజిస్టరులో గడి లేదు.

ఎండ అప్పుడే గోడ దిగి గేటు దాకా వచ్చింది.
సెల్వి అడక్కుండానే
ఆయనకి పంచదార లేని టీ పోసింది.