మాగొద్దే

గ్రీమ్స్‌పేటలో పాల ప్యాకెట్టుకు పోయినా అడుగుతారు:
"ఆ పాటలో పిల్ల నువ్వేనంట గదమ్మే?"

కాదు.
ఆ పాటలో పిల్ల తోతాపురి.
నాలుగు టన్నుల తోతాపురి, టార్పాలిన్ కింద,
జూన్ నెలలో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు రాత్రులుగా కదలని ట్రాక్టర్ల వరసలో.
డ్రమ్ములు కొట్టే ఢిల్లీబాబు వాళ్ళ నాయన
ట్రాలీ కింద పడుకోని
కాయల్ని తిట్టినాడు:
"తూకమయ్యేదాకా మాగొద్దే, నీకు దండం పెడతా."

అందరం నవ్వినాం. మునిచంద్ర నవ్వలేదు.
సిగరెట్టు డబ్బా చించి రాసుకున్నాడు.

మా బ్యాండు పేరు లో ఓల్టేజి.
బోర్లకు త్రీ ఫేజు తీసేసినాకనే
మా ఆంప్లిఫైయరుకు ఊపిరొచ్చేది.
మునిచంద్ర గొంతు, యతిరాజు గిటారు,
నేను బేసు:
వాయిస్తే వినపడను, ఆపితే తెలుస్తాను.

తర్వాత మునిచంద్ర ఒక్కడే పోయినాడు.
పేరులోని ముని దోవలో యాడో,
కాట్పాడిలోనో ఏమో, రైలు దిగిపోయింది.
ఇప్పుడు ఉత్త చంద్ర.
ఒక్కడి ఆల్బమ్, అట్ట మీద ఒక్కడి వీపు.
అందులో మా పాటే, పియానో మీద,
చలికి ముడుచుకున్నట్టు.

ఇంటర్వ్యూలో ఒకామె అడిగింది, ఎవరి కోసం రాశారని.
చంద్ర కిటికీలోకి చూసినాడు. నాలుగు సెకన్లు.
ఆ నాలుగు సెకన్లకు నాకొక పలమనేరు సంబంధం తప్పిపోయింది.
మంచిదే. ఆ అబ్బాయికి పాటలు పడవంట.

ఢిల్లీబాబుకు ఫోన్ చేసి అరిచినా:
"మీ నాయన మాటరా అది! ఆయప్ప పేరన్నా ఎయ్యలేదే!"
"తిట్టుకు రాయల్టీ ఏందిమే," అన్నాడు.
"ఆ ఏటి కాయలకే ఇంకా లెక్క రాలేదు."

నేనిప్పుడు అదే ఫ్యాక్టరీలో, వేబ్రిడ్జి గదిలో.
లోడు బరువు, ఖాళీ బరువు, తీసివేత, చీటీ.
పాటకైనా అంతే అనుకుంటా ఉండా,
పాడినోణ్ణి దించి ఒకసారి తూకమెయ్యాల.

రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకోని విన్నా.
మాటమాటకూ చిత్రిక పట్టినాడు, యాస ఎగిరిపోయింది.
ఒక్క "మాగొద్దే" దగ్గర మాత్రం
గొంతు జారి చిత్తూరులో పడింది.
ట్రాలీ కింద పడుకున్న మనిషి మాదిరే,
ఎవరూ వినలేదులే అనుకున్నట్టు.

అద్దం మీద ఎవరో కొట్టినారు.
పద్దెనిమిదో నంబరు లోడు.
చీటీ కంటే ముందు వాసనొచ్చింది.
మాగిపోయినాయి.