సుడి

పాతది పోయింది సోమవారం మధ్యాన్నం,
ఎవరిదో బస్ పాస్ దరఖాస్తు సగంలో ఉండగా.
మూత విప్పితే లోపలంతా దూది.
పక్కన జిన్నింగు మిల్లు పదకొండేండ్లు ఊపిరి విడిస్తే
ఫ్యాను రెక్కల మీద పేరుకున్న పల్చని పరుపు,
బల్లిపిల్లకి సరిపోయే దిండు.
పారేయబుద్ధి కాలేదు.
వత్తులు చేసుకుంటే కార్తీకమంతా వెలిగేది.

ఆదోనిలో, మెట్ల కింద నా అంగడి.
ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు.
ప్రింటరుకో మూల, నాకో స్టూలు,
వచ్చినోళ్ళు నిలబడాల్సిందే.
అందుకే చిన్న డబ్బా కావాల,
టిఫిన్ గిన్నెంతది, గోడకి తగిలిచ్చేది.

మహబూబ్ పీరా మూడు పెట్టినాడు బల్ల మీద.
"ఉరుకుందక్కా, ఇది ఐ త్రీ, ఇది ఐ ఫైవ్,
ఇది వేరే కంపెనీది, చవక, కానీ ఉడుకెక్కువ.
ర్యామ్ ఎనిమిదా, పదహారా?
ఎస్ఎస్‌డీ రెండొందల యాభై ఆరా, ఐదొందల పన్నెండా?"
దోసెకి ఎర్రకారమా పప్పులపొడా అన్నట్టు
అడుగుతాండాడు.
నా దగ్గర ముప్పై వేలు.
అందులో నాలుగు వేలు చీటీ పాడితే వచ్చేవి.
ఇంకా పాడలేదు.

మా నాయన ఎద్దుల దళారి.
ఎమ్మిగనూరు జాతరలో తువ్వాల కింద చేయి దూర్చి
నోరు విప్పకుండా వేళ్ళతోనే ధర చెప్పేటోడు.
ముందు పండ్లు చూసేది. తర్వాత గిట్టలు.
ఆ తర్వాత నుదుట, మూపున, సుడి.
సుడి బాగలేకుంటే ఎంత ఎద్దయినా వదిలేసేది.
"బలం అందరూ చూస్తారు పాపా.
నాలుగెకరాల రేగడికి ఏనుగెందుకు?
మేత ఎంత తింటాది, ఎండకి నురగ కక్కుతాదా,
అదడుగు."

నేనూ అదే అడిగితి.
కరెంటు ఎంత తింటాది?
మే నెలలో, మెట్ల కింద,
కరెంటు పోయి, వచ్చి, మల్ల పోయి వస్తే తట్టుకుంటాదా?
పీరా తెర మీద అంకెలు చూపిచ్చినాడు,
గిగాహెర్ట్జ్‌లు, కోర్లు.
అన్నీ పరిగెత్తే లెక్కలే.
నిలబడే లెక్క ఒక్కటీ లేదు.

మరిది ఫోను చేసినాడు:
"ఐ ఫైవ్ తీసుకో వదినా, పదేండ్లు తిరిగి చూడబల్లే."
మా మరిది పత్తి వేస్తాడు.
యేడాదికో కొత్త విత్తనం,
సంచి మీద బొమ్మ చూసి.

ఇంతకీ నా పనేంది?
హాల్ టికెట్లు, అడంగల్ నకళ్ళు,
పెండ్లి పత్రికలు: తెలుగులో, కన్నడంలో,
ఉర్దూలో అయితే కుడి నుంచి ఎడమకి.
మూడూ ఒకేసారి తెరిస్తే పాతది ఆవలించేది.
అంటే నాకు కావాల్సింది పరుగు కాదు,
ఒడి.
పత్తి ఏరేటప్పుడు నడుముకి కడతామే, అట్లాంటిది.
పదహారు వెయ్యి పీరా.
చిప్పు చిన్నదే చాలు.

అప్పుడు లోపలి నుంచి ఇంకోటి తెచ్చినాడు.
"దీనికి ఫ్యానే లేదక్కా. దూది పోదు, సప్పుడుండదు."
చెవి పెట్టి విన్నా. నిజమే, రాయి.
మూత మీద చేయి పెడితే మాత్రం
జొరమొచ్చిన బిడ్డ నుదురు.
"విప్పొచ్చా?"
"విప్పేది లేదక్కా, అంతా అతికిచ్చేసినారు."
పండ్లు చూపియ్యని ఎద్దు.
పక్కకి జరిపినా.

ఐ త్రీ డబ్బాకి అడుగున నాలుగు స్క్రూలు.
విప్పమన్నా. విప్పినాడు.
అరచేయంత ఫ్యాను. చిటికెనవేలితో తోసినా,
తిరిగి తిరిగి మెల్లగా ఆగింది.
ఆ సుడి మంచిదో చెడ్డదో చెప్పేదానికి నాయన లేడు.
దూది దులుపుకోవచ్చు, అంతవరకూ నాకు తెలుసు.
నెలకోసారి, పాత పెయింటు కుంచెతో.

ఇంక ధర.
కాలిక్యులేటరులో అంకె కొట్టి
పైన కొంగు కప్పి పీరా వైపు జరిపినా.
నవ్వినాడు. కొంగు కిందే ఏదో నొక్కి
మల్ల నా వైపు జరిపినాడు.

ఎత్తి చూసినా.
ఇంకా ఎనిమిదొందల దూరం.
మల్ల కప్పినా.