తార్వో చేతితొడుగులు

మొదటి ప్రకటనలోనే "మేము" అని రాసింది మారెత్.
"మీ పాత చెక్క కిటికీలను మేము బాగుచేస్తాం."
రాసి, షెడ్డంతా ఒకసారి కలయజూసింది.
రంపం, లప్పం డబ్బా, టీ మరకల కప్పు.
మేములో మిగతావాళ్ళు ఇంకా పనిలోకి రాలేదు.

పందొమ్మిదేళ్ళు రేవు ఆఫీసులో లెక్కలు రాసిన మనిషి.
ఊళ్ళోవాళ్ళ డబ్బైతే
ఒక్క సెంటు తేడా వచ్చినా పట్టుకునేది.
తన డబ్బు తను అడగాల్సి వచ్చేసరికి
గొంతులో పచ్చి వెలక్కాయ.

ఆగస్టులో బిగించిన తొమ్మిది బడి కిటికీలు.
సెప్టెంబరు పోయింది. అక్టోబరూ పోయింది.
ఎనిమిదిసార్లు రాసి, చెరిపి
తొమ్మిదోసారి కింద సంతకం మార్చింది:
"తార్వో, లెక్కల విభాగం."
మూడోరోజుకి డబ్బు పడింది.

అట్లా పుట్టాడు తార్వో.
మొహమాటం తెలియనివాడు, మర్యాద తప్పనివాడు.
అర్ధరాత్రి కూడా చెయ్యి వణక్కుండా
"గడువు దాటినది గమనించగలరు" అని రాయగలడు.
జ్వరం రాదు. జీతం అడగడు.
అద్దె కట్టే వారంలో
బ్యాంకు ఖాతా చూడ్డానికి భయమేస్తే
"నువ్వు చూడు తార్వో" అనేది, పైకే.
మొదట్లో నవ్వొచ్చేది.

చెల్లెలు ఫోన్ చేసి "ఎలా సాగుతోంది?" అంటే
"ఊపిరాడట్లేదు, అంత పని" అంటుంది.
అందులో మొదటి సగం నిజం.
మంచి వార్త వచ్చిన రోజు మరీ కష్టం.
దీపస్తంభం పక్క ఇల్లు, ఇరవై రెండు కిటికీలు!
ఎగిరి గంతేసి
కిందికి దిగాక చూస్తే
ఎదురుగా ఆరుతున్న రంగు.

జనవరిలో హాప్సాలు సముద్రం గట్టిపడింది.
నాలుగు కాకుండానే చీకటి.
పాత గాజు, నోటితో ఊది చేసినది, లోపల అలలున్నది,
మళ్ళీ దొరకనిది
చేతిలో పుటుక్కుమంది.
నేల మీద చతికిలబడింది మారెత్.
తిట్టడానికి యజమాని లేడు.
తిట్లు తిన్నాక బయట నిలబడి
యజమానిని ఆడిపోసుకోవడానికి తోటి పనివాడూ లేడు.
వేలి రక్తం గుడ్డకి తుడుచుకుని
గాజు తాలూకు మనిషికి రాసింది:
"మా వల్ల పొరపాటు జరిగింది."
"నా" అని రాస్తే ఆ పూట కూలిపోయేలా ఉంది.

గాజు తాలూకు మనిషి సల్మె, ఎనభై మూడేళ్ళు.
మంచు మీద స్లెడ్ తోసుకుంటూ తనే వచ్చింది.
ముక్కలు చూసి
"మా ఆయన రెండు పగలగొట్టాడు, తాగి ఒకటి, తాగక ఒకటి" అంది.
సంచీలోంచి పొట్లం తీసింది.
నలుపూ తెలుపూ ఉన్ని చేతితొడుగులు, మగవాళ్ళ కొలత.
"మీ తార్వోకి. అంత పద్ధతిగా బాకీ అడిగే కుర్రాళ్ళు
ఈ రోజుల్లో ఎక్కడున్నారు? ఏడీ?"

"బయటికెళ్ళాడు."
చెవులు కాలిపోయాయి మారెత్‌కి.
సల్మె ఒకే కోటు వేలాడుతున్న మేకు చూసింది.
ఒకే కప్పు చూసింది.
చూపు అంత దూరం ఆనలేదేమో, ఏమీ అనలేదు.

కంగారులో మారెత్ అంది,
రెండో రెక్క సంగతి, రేపు ఎనిమిదింటికి అని.
బిగిస్తాం అందో, బిగిద్దాం అందో
నేను చెప్పలేను.
వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాట.
మేములోంచి మనంలోకి
గుమ్మం ఉండదక్కడ.

మర్నాడు ఎనిమిదింటికి
నడుముకి ఏప్రన్ బిగించుకుని సల్మె దిగింది.

రెక్క ఒకవైపు ఆవిడ పట్టుకుంటుంది,
సగం సేపు పట్టుకోవడం మర్చిపోతుంది.
కబుర్ల వల్ల గంట పని మూడు గంటలు.
చేతితొడుగులు మారెత్‌కి పెద్దవి,
వేళ్ళ చివర అంగుళం ఖాళీ.
వేసుకునే తిరుగుతోంది.
సల్మె పెట్టిన లప్పం వంకర.
ఆవిడ వెళ్ళాక, ఆరేలోగా
గీకి మళ్ళీ పెట్టాలి.

ఇంకా గీకలేదు.