చిల్లర లేదు

ఏడో నెల ఏడో తేదీ.
ఓనరు గారి కూతురు లాస్య
మందుల షాపు గాజు తలుపుకి
ఊదా కాగితం కత్తిరించి అంటించింది:
ఈ రోజు చాక్లెట్ల పండగ.

పొదలకూరులో ఆ వేళకి
ఫ్యాను కూడా చెమట పట్టి తిరుగుతుంది.
సీసాలో చాక్లెట్లు
ఒకదాని మీద ఒకటి వాలి కునుకుతున్నాయి.
పండగంటే ఏం చేయాలో
వాటికీ తెలీదు, నాకూ తెలీదు.
పాయసం లేదు, ముహూర్తం లేదు,
ఏ దేవుడి పేరు మీదో లాస్య చెప్పలేదు.

నిమ్మకాయల మార్కెట్టు వదిలాక
చెంగమ్మ వచ్చింది.
మచ్చకాయ ఒక పక్క, పండుకాయ ఒక పక్క,
పొద్దుటి నుంచి ఏరి ఏరి
వేళ్ళ సందుల్లో పులుపు మంట.
చీటీ చూపించదు. అక్కర్లేదు.
సుగరు బిళ్ళలు, నెలకు సరిపడా,
తొంభై ఏడు రూపాయలు.
వందిస్తుంది.
మూడు చాక్లెట్లు పెడతాను.
"చిల్లర లేదు చెంగమ్మా."

సుగరు బిళ్ళల పక్కన చాక్లెట్లు!
ఒక్కసారైనా నవ్వు రావాల్సింది నాకు.
రాలేదు.
సొరుగులో రూపాయి బిళ్ళలు గలగలమనకుండా
అడుగున గుడ్డ పరిచింది నేనే.

ఈసారి ఆమె వంద తియ్యలేదు.
సంచీలోంచి ఊరగాయ సీసా తీసింది.
మూత తిప్పి
గాజు బల్ల మీద కుమ్మరించింది.
ఎర్రవి, పచ్చవి, బంగారు కాగితాలవి,
మూడు ఎండాకాలాలు కరిగి
మూడు వానలకు గట్టిపడి
తమ ఆకారం తామే మర్చిపోయినవి.

"లెక్కెట్టుకో అబ్బయా.
నెలకు మూడు, ముప్పై మూడు నెలలు.
మా మనవరాలు ఏడ్చినా ఇయ్యలా.
డబ్బులు ఎవురన్నా తింటారంటే అని కసిరినా."

వెనకాల నిలబడ్డ ఆటో మస్తాను కిసుక్కుమన్నాడు.
ఇవి తీసుకోమనబోయాను.
ఆమె అరవలేదు,
బస్తా ధర అడిగినట్టు అడిగింది:
"నువ్విస్తే చిల్లర,
నేనిస్తే చాక్లెట్టా?"

లెక్కపెట్టాను.
ఆమె కూడా పెట్టింది, నాకంటే వేగంగా,
కాయలు విసిరే చేత్తో, ఐదు, ఐదు, ఐదు.
తొంభై ఏడు దగ్గర ఆ చెయ్యి ఆగింది.
రెండు మిగిలాయి.

ఒకటి ఒలిచింది. కాగితం సగమే ఊడింది.
"పండగంట గదా,
తలుపు మీద రాసుండారంట.
నోరు తెరువు."
అంతమంది ముందు
ఇరవై ఆరేళ్ళవాణ్ణి, తెరిచాను.
ముందు పులుపు తగిలింది. తర్వాత ఉప్పు.
తీపి వచ్చేసరికి
రెండోది తన నోట్లో వేసుకుని
మాత్రల అట్ట నా మొహం ముందు ఊపింది:
"భయపడబాక. ఇది ఉండాదిగా."

ఓనరు వచ్చాడు, బల్ల చూశాడు,
తొంభై ఏడు రూపాయలు
నా జీతంలో రాసుకున్నాడు.
చాక్లెట్లు నన్నే తినమన్నాడు.
చీమలు అప్పటికే మొదలుపెట్టాయి.

దీపాలు వేసే వేళకు
దగ్గుమందు కోసం ఒక పిల్లాడు.
వాడికి రూపాయి ఇవ్వాలి.
గుడ్డ తీసేసిన సొరుగు లాగితే
షాపంతా గలగలమంది.
వాడు బిళ్ళ ముట్టుకోలేదు.
"ఇవాళ చాక్లెట్ డే అన్నా"
అని సీసా వైపే చూశాడు.

కొత్త సీసా విప్పి
తళతళలాడేది ఒకటి తీసిచ్చాను.
మెట్లు దిగుతూ వాసన చూసి
వీధి సగంలోంచి అరిచాడు:
"అన్నా! ఇది నిమ్మకాయ వాసనొస్తా ఉంది!"