పసుపు కింద

మా జోషిత మొగమ్మీది చుక్కలకు
ఆరేండ్లుగా నేనే ముద్దాయి.
సూర్యగ్రహణం నాడు ఏడోనెల కడుపుతో
దామలచెరువు మండీలో తోతాపురి ఏరతా నిలబడ్డానంట.
నిలబడిన మాట నిజమే.
ఆ పొద్దు కూలి మున్నూరు, లారీ సేలం పోవాల.

"గ్రహణం మరక, కడిగితే పోదు" అనేది మునెమ్మత్త.
అన్నప్పుడల్లా ఆమె మొగం పచ్చగా మెరిసేది,
తెల్లారకముందే అరగదీసిన కొమ్ముపసుపు
చెంపలకీ ముక్కుకీ
గోడకు సున్నం పట్టించినంత మందాన.

బడిలో దీనికి 'పోపు' అని పేరు పెట్టినారు.
వరండాలో అడుగుపెడితే చాలు, చిటపట చిటపట అనేవాళ్లు.
ఇంటికొచ్చి బీరపీచుతో రుద్దుకునేది.
నిమ్మచెక్క, శెనగపిండి, మంజిష్ఠ,
ఫ్యాన్సీషాపులో నూటిరవై పోసి కొన్న తెల్ల ట్యూబు.
తోలు మండింది.
చుక్కలు ఎక్కడివక్కడే.

తిరపతి రుయాలో చర్మం డాక్టరు
నిద్రలేని కండ్లతో టార్చి వేసి చూసి
మొదట అడిగింది ఇదే:
"పుట్టినప్పుడు ఉన్నాయా?"

నోరు తెరిచినాను, మూసినాను.

లేవు.
కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసిన మొగం, నాకు తెల్దా?
మూడో ఏట, ఎండాకాలం,
మండీలో ఖాళీ క్రేట్ల మీద ఎగురుతా ఉన్నప్పుడు కదా
ముక్కుమీద మొదటి రెండూ చూసి
బెల్లంపాకం చిందిందేమో అని తుడిచింది!
ఇంత సాక్ష్యం కొంగున కట్టుకోని
ఆరేండ్లు తల వంచుకున్నానే.

డాక్టరు చీటీ వెనక బొమ్మ గీసినాడు.
"తోలు అడుగున సిరా పోసే కణాలుంటాయమ్మా.
పాపకవి ఎక్కువేం లేవు, అందరికున్నట్టే.
అక్కడక్కడ చెయ్యి బరువు, అంతే.
ఎండ తగిలితే ఇంకాస్త ఒలకబోస్తాయి.
వానల్లో కొంచెం మాసిపోతాయి, గమనించు."

"ఆ చెయ్యి యాడిది సార్?"

"ఇంట్లోదే. మీవైపో, ఆయనవైపో,
ఎవరో వీలునామా రాసి పెట్టుంటారు.
ఎండ దాన్ని బయటికి చదివింది."

చంద్రగిరి దాటి పాకాల దాకా, బస్సులో,
బంధువుల మొగాలన్నీ ఏరినాను, కాయలు ఏరినట్టు.
మా యమ్మ, కాదు. చిన్నమ్మలు, కాదు.
మా ఆయన ధనకోటికి అమ్మోరు పోసిన గుంటలే.
జోషిత నా ఒళ్లో నిద్రపోయింది,
కిటికీ వైపు చెంపకు
నా అరచెయ్యి అడ్డం పెట్టినాను, ఎండ పడకుండా.

ఆషాఢంలో అత్తకు వాంతులు, భేదులు.
పాకాల ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినారు.
రెండు పొద్దులు పసుపు లేదు.
మూడోనాడు తడి తువ్వాలతో మొగం తుడిస్తే
తువ్వాలు పచ్చబడింది,
ముక్కు దూలం మీద, కండ్ల కింద
ఆవాలు.
వరస లేకుండా, సన్నగా,
నా బిడ్డవే.

ఇంకోసారి తడిపి తుడిచినాను.
గట్టిగానే తుడిచినాను, చెప్పొద్దూ.

"ఏం జూస్తా ఉండావు?"

కాటా ముల్లు నిలిచేదాకా
నోరెత్తకూడదంటాడు మా మేస్త్రి.
ఎత్తలేదు.
ఆమే గోడవైపు తిరుక్కోని:
"పదేండ్లప్పట్నించి మా యమ్మ రాసింది.
చూడొచ్చినోళ్లకు కనపడితే నిన్నెవురు చేసుకుంటారే, అని.
మా నాయనకుండె. ఆయనకెవురూ రాయలా.
మీ మామకు ఈ పొద్దుకీ తెల్దు."

యాభై ఏండ్లు ఒక మనిషి పక్కనే, పసుపు కింద.
ఆరేండ్ల కోపం యాడ దించాల్నో తెలియక
చేతిలోని తువ్వాలు పిండినాను.
పచ్చ నీళ్లు.

ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ రాసుకునింది,
అంతే మందాన.
నేనే అరగదీసిచ్చినాను.

బడికి పోతా ఉన్న జోషిత గడ్డం పట్టుకోని
చానాసేపు చూసి
"అంతా మా నాయన ముక్కు" అనింది.

ముక్కు కాదని
అక్కడున్న ముగ్గురిలో
ఇద్దరికి తెలుసు.