పదకొండో ప్రశ్న

ఆరుషా దాటాక రెండు గంటలు దుమ్ములోనే.
మేరు కొండ ఒక భుజం మీద మబ్బు కప్పుకుని ఉంది.
రేకుల బడి ముందు వరుసలో
నలభై మూడు నోళ్ళు.
నా దగ్గర ఒక బుల్లి అద్దం, టార్చిలైటు,
పది ప్రశ్నల కాగితాల కట్ట.

రోజుకి ఎన్నిసార్లు పళ్ళు తోముకుంటావు?
రెండుసార్లు. రెండుసార్లు. రెండుసార్లు.
ఎక్కాలు అప్పజెప్పినట్టే ఉంది.
నిన్న సాయంత్రం మాస్టారు నల్లబల్ల మీద రాసి చదివించారట,
తుడిచినా ఆ రెండంకె ఇంకా లీలగా కనిపిస్తోంది.

పుప్పిపన్ను ఎందుకొస్తుంది?
"తీపి తింటే" అన్నాడు లెమాయన్,
చెరుకుముక్కని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుని.
నూటికి నూరు. టిక్కు పెట్టాను.

నసియేకు వంతు. పదకొండేళ్ళు.
మాటకి ముందే చెయ్యి మూతి మీదకి పోతుంది,
ఈగని తోలుకుంటున్నట్టు.
బ్రష్షు ఉందా?
"ఉంది."
ఎవరిది?
కాగితంలో లేదు, నోరు జారి అడిగేశాను.
"మాది."
ఆ 'మా'లో ఐదుగురు.
ఎర్ర పిడి, అరిగిన కుచ్చు, పెద్దన్నతో మొదలై చిన్నాడి దాకా.
మొన్న చిన్నాడు దాంతో గాడిద పళ్ళు తోమేదాకా.
చెప్తూ చెప్తూ పకపకా నవ్వింది,
చెయ్యి మర్చిపోయి.

అప్పుడు కనబడ్డాయి.
ఎంత రుద్దినా వదలని టీ గిన్నె అడుగులా
గోధుమరంగు చారలు, ముందు నాలుగింటికీ.
అద్దం పెట్టి వెతికాను.
ఒక్క పుప్పి లేదు. పాచి లేదు.
గాడిద సంగతి జరిగాక అందరూ పుల్లకే మళ్ళారట,
నాయనమ్మ పొదలోంచి విరిచి తెచ్చేది,
నమిలితే ఆవాల ఘాటు.
నా కాగితంలో దానికి పేరు లేదు.
'ఇతరములు'లో పడేశాను
ఆ పొదనీ, ఆ ముసలమ్మనీ.

"ఇసకతో తోమితే పోతుందా?" అంది.
చిగుళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది
అడగకముందే తోమి చూసిందని.
"పోనీ బూడిదతో?"
నీ తప్పు కాదమ్మా, నీళ్ళు, అన్నాను.
ఈ కొండ నీళ్ళలోనే ఉంది ఆ రంగు,
పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే పట్టేస్తుంది.
కాసేపు కాలి బొటనవేలితో నేల గీకింది.
"మరి నీళ్ళ గురించి ప్రశ్నేది?"

కాగితం తిరగేశాను. ఖాళీ.
పెన్సిలుతో పదకొండు అని వేశాను.
ఎవర్ని అడగాలో తెలియక
అంకె దగ్గరే ఆగిపోయాను.

ఎండ మండుతోందని మాస్టారు గ్లాసుతో నీళ్ళిచ్చారు.
తాగాను. చల్లగా, తియ్యగా కూడా ఉన్నాయి.
నా పళ్ళు ఎప్పుడో ముదిరిపోయాయి,
వాటినేం చెయ్యవు.

కుళాయి దగ్గర ఆ గాడిదల డాక్టరు,
ఆరేళ్ళవాడు, పైన రెండు పాలపళ్ళు ఊడిన సందుతో,
దోసిలి పట్టి
గటగటా తాగుతున్నాడు.